సేవకు వెళ్ళి పాఠం చెప్పిన గమలీయేలు మాస్టారు

కొత్తలంక శతాబ్ది క్రైస్తవ సంఘం పెద్దలకు ఆ ఏడు ఒక పెద్ద సందేహం వచ్చింది. తాతల కాలం నుంచీ పడమటి దేశాల దొరలూ దొరసానులూ ఓడలెక్కీ విమానాలెక్కీ వచ్చి మన పిల్లలకు పాటలు నేర్పుతున్నారు. మన బడి గోడలకు సున్నం వేస్తున్నారు. మనతో ఫొటోలు దిగి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోతున్నారు. ఎప్పుడూ ఆ భాగ్యం వాళ్ళకేనా? మనం ఎప్పుడు వెళ్ళి, ఎవరిని చూసి కళ్ళు తుడుచుకోవాలి?

ఈ సందేహం లేవదీసినవారు సంఘ కార్యదర్శి అబ్షాలోము గారు. ఇరిగేషన్ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఆయనకు సందేహం వస్తే అది సందేహంగా ఎక్కువసేపు ఉండదు, తీర్మానమైపోతుంది. ఆదివారం ఆరాధన ముగిశాక లేచి నిలబడి చదివారు.

"ఇందుమూలముగా యావన్మంది సభ్యులకు తెలియజేయునది ఏమనగా, ఇకమీదట సంఘ పెద్ద పదవికి పోటీచేయు అభ్యర్థులు విధిగా విదేశీ బాలబాలికల మధ్య సేవానుభవము కలిగియుండవలెను. సదరు అనుభవము లేనివారి అభ్యర్థిత్వము పరిశీలనార్హము కాదు."

ఆడవాళ్ళ వరసలోంచి మార్తమ్మ లేచింది. చాలాకాలం కువైట్లో ఇళ్ళల్లో చేసి వచ్చిన మనిషి.

"అయ్యా, నేను అరబ్బుల పిల్లల్ని ముగ్గుర్ని ఎత్తుకుని పెంచొచ్చానండి. పెద్దోడికి నడక నేర్పింది నేనే. మరి నాది లెక్కలోకి వత్తాదాండి?"

"జీతం ఇచ్చారా?"

"ఇచ్చారండి."

"అయితే అది పని," అన్నారు అబ్షాలోము గారు. "మన ఖర్చులతో మనం వెళ్ళి, వాళ్ళు అడగనిది చేసి వస్తే అది సేవ."

మార్తమ్మ కూర్చుంది. వెనక వరసలో గమలీయేలు మాస్టారు మాత్రం ఆ నిర్వచనం విని తల పంకించాడు. అది బాగుందనిపించింది ఆయనకు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది గాని, అప్పుడు నిజంగానే బాగుందనిపించింది.

గమలీయేలు మాస్టారు సంఘం వారి ఎయిడెడ్ హైస్కూల్లో లెక్కలు చెప్తాడు. చెడ్డవాడు కాదు. ఒకే ఒక్క కోరిక ఉన్నవాడు. గుడిలో పెద్దలు కూర్చునే కుర్చీలు సంఘమంతటికీ ఎదురుగా, వేదిక మీద ఉంటాయి. అందులో ఒకదాంట్లో తను కూర్చోవాలి. అక్కడ కూర్చుంటే ప్రసంగం మధ్యలో కునుకు తీయడానికి కుదరదని తెలుసు. అయినా కూర్చోవాలి. అందుకని వేసవి సెలవుల్లో ఆఫ్రికాలోని మలావీ దేశానికి వెళ్ళే సేవాబృందంలో పేరు ఇచ్చాడు.

"అంత దూరం వెళ్ళి మీరేం చేస్తారండీ?" అంది భార్య విక్టోరియా, ఆవకాయ సీసా మూతకు గుడ్డ కడుతూ.

"పిల్లలకి సేవ చేస్తాను."

"అంటే ఏం చేస్తారు?"

 మాస్టారి కళ్ళముందు ఒక బొమ్మ ఉంది. చెట్టు కింద తను తెల్లచొక్కాతో కూర్చుని ఉంటాడు, చుట్టూ పిల్లలు మోకాళ్ళ మీద కూర్చుని నోళ్ళు తెరుచుకుని చూస్తూ ఉంటారు. ఏం చెప్తున్నాడో ఆ బొమ్మలో వినబడదు.

అబ్షాలోము గారి నాయకత్వంలో బృందం హైదరాబాదులో విమానమెక్కి, అడిస్ అబాబాలో దిగి, మళ్ళీ ఎక్కి, మలావీలో దిగింది. వ్యానులో కూర్చుని మాస్టారు కిటికీలోంచి ఆశగా చూశాడు. ఎర్రమట్టి. మామిడిచెట్లు. సైకిళ్ళ మీద కట్టెలమోపులు. రోడ్డు పక్కన టమాటాలు కుప్పలు పోసి అమ్ముతున్న ఆడవాళ్ళు. దేశం మారినట్టే లేదు. మాస్టారికి ఎవరో తనను మోసం చేసినట్టనిపించింది.

కొండ కింద ఉన్న ఆ బడిని చూశాక అనుమానం ఇంకా పెరిగింది. పైకప్పు తళతళలాడుతోంది. మరుగుదొడ్లకు తలుపులున్నాయి, తలుపులకు గడియలున్నాయి. కొత్తలంక హైస్కూల్లో వాటికి గడియ సంగతి దేవుడెరుగు, తలుపే లేదు. కానీ సేవకు వచ్చినవాడు అలాంటివి గమనించకూడదని మాస్టారు ముఖం తిప్పుకున్నాడు.

పిల్లలు చప్పట్లు కొట్టి పాట పాడారు. పాట అవగానే కోటు వేసుకున్న పొడవాటి మనిషి ముందుకొచ్చాడు. హెడ్మాస్టరు చిర్వా. మెడలో వేలాడే కార్డు మీద హెడ్మాస్టరు అనే మాట చిన్న అక్షరాల్లోనూ, 'సందర్శకుల సంతృప్తి విభాగాధిపతి' అనే మాట పెద్ద అక్షరాల్లోనూ ఉన్నాయి.

"సేవా భాగస్వాములకు స్వాగతం! తమ బృందమునకు గోడ కేటాయించమందురా, గుంట కేటాయించమందురా, అక్షరమాల కేటాయించమందురా?"

అబ్షాలోము గారి ప్రాణానికి ఆ ఇంగ్లీషు హాయిగా తగిలింది. ఎంతో కాలానికి సొంత భాష విన్నట్టు ఆయన ముఖం వెలిగింది.

చిర్వా అన్నీ తిప్పి చూపించాడు. గోడ అంటే తూర్పు గోడ. వచ్చిన ప్రతి బృందమూ దానికి రంగు వేస్తుంది. రంగు మీద రంగు పడీపడీ గోడ బానపొట్టలా ముందుకు వచ్చేసింది. కిటికీ రెక్క మూతపడదు. గుంట అంటే బడి వెనక మొక్కలు నాటడానికి తవ్వే గుంట. ఒక బృందం తవ్వుతుంది, తర్వాతి బృందం పిల్లలు పడిపోతారని పూడుస్తుంది.

"మరి మొక్కలు?" అన్నాడు మాస్టారు.

"మొక్కలు నాటితే తరువాతి బృందమునకు గుంట ఉండదు కదా!" అన్నాడు చిర్వా, పసివాడికి చెప్పినట్టు.

"కరెక్ట్!" అన్నారు అబ్షాలోము గారు. "మా శాఖలో కాలువ పూడిక తీసేవాళ్ళం. మట్టి గట్టుమీద వేసేవాళ్ళం. వానలకి అది మళ్ళీ కాలువలోకే వచ్చేది. మళ్ళీ తీసేవాళ్ళం. నా సర్వీసంతా ఒకటే మట్టి సార్!"

వాళ్ళిద్దరూ చేతులు కలిపి చాలాసేపు వదల్లేదు.

మాస్టారికి అక్షరమాల వచ్చింది. తరగతి ఎనిమిది. పెద్ద పిల్లలే, కొందరికి మీసాలు కూడా వస్తున్నాయి. ఇంత వయసొచ్చినా ఏబీసీడీలు రాలేదంటే అయ్యో పాపం అనుకుంటూ మాస్టారు బోర్డు మీద 'ఏ' రాశాడు. పిల్లలు అన్నారు. 'బీ' రాశాడు. ఎంతో కష్టపడి అన్నారు. అంతా సాఫీగా సాగుతుండగా 'ఎమ్' దగ్గర రెండో వరసలో ఒక పిల్ల ఆగిపోయింది. పేరు చిసోమో. ఎన్ను ముందో ఎమ్ము ముందో తేల్చుకోలేక పెదవి కొరుక్కుంది.

మాస్టారు దగ్గరకు వెళ్ళి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గాలిలో గీయించాడు. "చూడమ్మా, ఇది ఒక కొండ, పక్కన ఇంకో కొండ. రెండు కొండలు. అదే ఎమ్."

"ఎమ్!" అంది చిసోమో, చీకట్లో దీపం వెలిగినట్టు. తరగతంతా చప్పట్లు కొట్టింది. మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. అబ్షాలోము గారు కిటికీలోంచి వీడియో తీశారు.

ఆ సాయంత్రం మాస్టారు భార్యకు ఫోన్ చేశాడు. "విక్టోరియా, ఇవాళ ఒక పిల్లకి ఎమ్ము నేర్పాను."

"ఎమ్మా? మీరు లెక్కల మాస్టారు కదండీ?"

ఆమెకు సేవ అంటే ఏమిటో తెలియదని జాలిపడి ఆయన ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు విరామంలో తూర్పు గోడ మీద బృందం పేరు రాసే పని మాస్టారికి అప్పగించారు. 'ఇండియా నుంచి వచ్చిన దేవుని సేవకులు' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి, వెనక్కి జరిగి మురిపెంగా చూసుకుంటున్నాడు. పక్కన అలికిడైంది. చిసోమో.

"సార్, తప్పుగా అనుకోకండి. సర్వెంట్స్ అనే మాటలో 'వీ' తర్వాత 'ఏ' రావాలి. మీరు 'ఈ' రాశారు."

మాస్టారు గోడ వంక చూశాడు. నిజమే. ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత ఎక్కడో ఏదో పొసగలేదనిపించింది.

"నీకు చదవడం వచ్చా?"

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "హెడ్మాస్టరు గారికి చెప్పకండి సార్! మాకు ఏబీసీలు ఒకటో తరగతిలోనే వచ్చాయి. ఈసారి ఎమ్ము దగ్గర తడబడే డ్యూటీ నాది. అందరూ గబగబా చెప్పేస్తే వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు కదా! పోయిన బృందానికి గ్రేస్ డబ్ల్యూ దగ్గర ఏడ్చింది. ఆ మేడమ్ గ్రేస్‌ని కావలించుకుని తనూ ఏడ్చింది. చాలా బాగా జరిగింది సార్."

మాస్టారు అక్కడే ఉన్న రంగుడబ్బా మీద కూలబడ్డాడు. అది మూత లేని డబ్బా అని కూర్చున్నాక తెలిసింది. కానీ ఆ క్షణంలో లేచే ఓపిక లేదు.

"మరి నేను... బాగానే చెప్పానా?" అన్నాడు. అలాంటి సమయంలో అడగవలసిన ప్రశ్న కాదది. నోరు జారింది.

"బాగా చెప్పారు సార్," అంది చిసోమో దయగా. "రెండు కొండలని ఇంతకుముందు ఎవరూ అనలేదు."

ఆ మాటకు మాస్టారు లోలోపల కాస్త పొంగిన మాట కూడా నిజమే.

తర్వాత ఆ పిల్ల అసలు సంగతి చెప్పింది. ఏడాది చివర ఎనిమిదో తరగతి పరీక్ష ఉంది. అందులో గట్టెక్కితేనే పట్నంలో సెకండరీ స్కూలు. కానీ బృందం ఉన్నప్పుడు టీచర్లు పాఠాలు చెప్పకూడదు, అతిథులకు చోటివ్వాలి. బృందం లేని రోజు దొరకడం గగనం. లెక్కల పుస్తకం భిన్నాల దగ్గర ఆగి చాలా కాలమైంది.

"మీకు భిన్నాలు వచ్చా సార్?"

జీవితంలో మొదటిసారి ఒక పిల్ల తనంతట తాను వచ్చి భిన్నాలు చెప్పమని అడిగింది. మాస్టారు వెనకంతా నీలం రంగుతో నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్ళాడు. అబ్షాలోము గారు కూడా అక్కడే టీ తాగుతున్నారు.

"భిన్నములా?" అన్నాడు చిర్వా. "భిన్నములు సందర్శకుల భాగస్వామ్య మార్గదర్శకాల పరిధిలోకి రావు. ఒక బృందం భిన్నములు నేర్పినచో, తరువాతి బృందమునకు పిల్లల్లో అవసరము అనునది మిగలదు. అవసరము అనేది ఉమ్మడి ఆస్తి. దానిని తమరొక్కరే ఖర్చు చేయరాదు."

"మాస్టారూ," అన్నారు అబ్షాలోము గారు మందలింపుగా, "మనం వచ్చింది సేవకి. పాఠం చెప్పడానికి కాదు."

మాస్టారు తలవంచుకుని బయటికి వచ్చాడు. ఆయన ధైర్యవంతుడు కాదు. ఎదిరించడం చేతకాదు. కానీ లెక్కల మాస్టారికి దొడ్డిదారి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అంకెలు రాయకూడదన్నప్పుడు అక్షరాలు రాయొచ్చు.

మర్నాడు తరగతిలో మెల్లగా ఒప్పందం చెప్పాడు. ఏ అంటే ఒకటి, బీ అంటే రెండు, సీ అంటే మూడు, డీ అంటే నాలుగు. తర్వాత బోర్డు నిండా అక్షరాలు పరిచి, పిల్లలకు తలా ఒక అక్షరం పంచాడు. పైన ఉన్న అక్షరం పిల్లలు బల్లమీద నిలబడతారు, కింద ఉన్న అక్షరం పిల్లలు నేలమీద కూర్చుంటారు. ఏ బై బీ, సీ బై డీ. కలవాలంటే ముందు కిందివాళ్ళు ఒకటవ్వాలి. కిందివాళ్ళు ఒకటయ్యారు. ఏ బై బీకి సీ బై డీ కలిపితే ఎంత?

"ఈ బై డీ!" అని తరగతంతా అరిచింది.

భాగహారం వచ్చేసరికి రెండో భిన్నం తలకిందులవ్వాలి. బల్లమీదివాళ్ళు కిందికి దూకారు, కిందివాళ్ళు పైకి ఎక్కారు. దుమ్ము లేచింది. మాస్టారు ఉద్యోగంలో చేరిన కొత్తలో చెప్పినట్టు, గొంతు బొంగురుపోయేదాకా చెప్పాడు. చొక్కా తడిసిపోయింది. ఇంటికి ఫోన్ చేయడం కూడా మరిచిపోయాడు.

చిర్వా కిటికీలోంచి తొంగిచూశాడు. బోర్డు మీద ఒక్క అంకె లేదు, అన్నీ అక్షరాలే. పిల్లలు గంతులేస్తున్నారు.

"అక్షరమాల పట్ల ఇంతటి ఉత్సాహము నా సర్వీసులో చూడలేదు!" అని ఆయన మిగతా టీచర్లను కూడా పిలిచి చూపించాడు. అబ్షాలోము గారికి కాస్త అసూయ కలిగింది. గుంట పూడ్చేటప్పుడు ఎవరూ గంతులు వేయలేదు మరి.

గుట్టు వీడ్కోలు సభ రోజున బయటపడింది. తర్వాతి బృందం, ఏదో చలిదేశం వాళ్ళు, ముందుగానే దిగారు. వాళ్ళ నాయకురాలు బంగారు అంచు కళ్ళద్దాల మేడమ్. ఆవిడ ఆత్రం పట్టలేక ఆపిల్ బొమ్మ ఉన్న అట్ట తీసి, ముందు వరసలోని కుర్రాడికి చూపించింది.

"ఇదేమిటి బంగారం?"

"ఏ."

"శెభాష్!"

కుర్రాడు అట్టను కిందినుంచి వంగి చూశాడు. "కింద ఏముంది మేడమ్?"

"కింద ఏమీ లేదమ్మా."

"అయితే పూర్ణసంఖ్యే. కింద బీ పెడితే సగమైపోతుంది."

మేడమ్ అట్టను తిప్పి వెనక వైపు చూసుకుంది. వెనకనుంచి ఇంకొకడు ఉత్సాహం ఆపుకోలేక, "తలకిందులు చేస్తే రెండవుతుంది!" అని బల్లమీంచి దూకాడు.

"మిస్టర్ చిర్వా!" అంది మేడమ్. "మాకు ఏమీ రాని పిల్లలు అని చెప్పారు. వీళ్ళకి చాలా వచ్చు. మా వాళ్ళు ఇంత దూరం వచ్చి ఎవరికి నేర్పాలి?"

సభ సభలా లేకుండా పోయింది. చిర్వా కోటు గుండీలు పెట్టుకుని పిల్లల ముందు నిలబడ్డాడు. "ఈ అవసరవినాశనమునకు బాధ్యులెవరు?"

 రెండో వరసలో చిసోమో లేచింది.

"నేనే సార్. పాత పుస్తకం చూసి నేర్చుకున్నాను. నేనే వీళ్ళకి చెప్పాను."

చిర్వా ముఖం గంటు పెట్టుకున్నాడు. తప్పు చేసిన పిల్లల్ని ఆ ఏడాదికి ఇంటికి పంపేస్తారని మాస్టారికి తెలుసు. ఆయన అబ్షాలోము గారి వైపు చూశాడు. ఆ వెనక వేదిక మీద వరసగా కుర్చీలున్నాయి. ఆ పిల్లే చేసిందని ఊరుకుంటే ఏమవుతుంది అని ఒక ఆలోచన వచ్చింది. అది ఎంత సులువుగా, ఎంత హాయిగా వచ్చిందో చూసుకుని ఆయనకు ఒళ్ళు జలదరించింది. లేచాడు. 

"అబద్ధమండి. నేనే చెప్పాను. కూడిక, తీసివేత, గుణకారం." కొంచెం ఆగి, ఇక దాచి లాభం లేదని, "భాగహారం కూడా," అన్నాడు.

"భాగహారం కూడానా!" అని మేడమ్ కుర్చీలో కూలబడింది.

అబ్షాలోము గారు తిరుగుప్రయాణమంతా ఆయనతో మాట్లాడలేదు. కొత్తలంక చేరాక నివేదిక సమర్పించారు. 'సేవాస్థలమున అనధికారికముగా విద్యాబోధన గావించి, ఆతిథ్య సంస్థకు తీరని నష్టము కలుగజేసినందున శ్రీ గమలీయేలు గారి సేవానుభవము అనుభవముగా పరిగణింపబడదు.' ఆదివారం నాడు సంఘమంతా ఆయన కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేసింది. మార్తమ్మ మాత్రం బయట చెప్పులు వేసుకుంటూ, "మాస్టారూ, అక్కడ మీకేమన్నా జీతం ఇచ్చారేంటండి, పని చేసొచ్చేరు?" అని అడిగి నవ్వింది. వారం రోజుల తర్వాత మాస్టారికి కూడా నవ్వొచ్చింది.

కథ అక్కడితో అయిపోవలసింది. కానీ తీర్మానాలు అంటువ్యాధి. మలావీలో ఆ బడి తాలూకు సంఘానికి కూడా సందేహం వచ్చింది. ఎప్పుడూ వాళ్ళే మన దగ్గరకు రావాలా? మనమెందుకు వెళ్ళకూడదు?

అలా మరుసటి ఏడు కొత్తలంక ఎయిడెడ్ హైస్కూలు ముందు వ్యాను ఆగింది. అందులోంచి కోటు వేసుకుని చిర్వా దిగాడు. అబ్షాలోము గారు పూలదండ వేసి, "గోడ కేటాయించమందురా, గుంట కేటాయించమందురా?" అని అడిగారు. అంతకుముందు రోజే ప్రార్థన సమయంలో పిల్లలందరికీ ఆయన హుకుం జారీ చేశారు. అతిథులు ఏది చెప్పినా ఇంతవరకూ విననట్టే వినాలి.

చిర్వా అక్షరమాల అడిగాడు. ఏడో తరగతి ఇచ్చారు. గమలీయేలు మాస్టారి తరగతే అది.

ఇద్దరూ బోర్డు ముందు నిలబడ్డారు. ముందు చిర్వాయే గొంతు తగ్గించి మాట్లాడాడు.

"చిసోమో పట్నంలో స్కూలుకు వెళ్ళింది. ఆ తరగతిలో చాలామంది వెళ్ళారు. మా ప్రచారపత్రంలో ఆ సంగతి వెయ్యలేదు." ఆయన ఇంగ్లీషు ఒక్కసారిగా మామూలు మనిషి ఇంగ్లీషులా ఉంది. "సరే చెప్పండి. మీ పిల్లలకి నిజంగా ఏది రాదు?"

మాస్టారు తరగతి వంక చూశాడు. ఆ ఏడాది ఓటర్ల జాబితాలకు వెళ్ళాడు. ఇంటింటి సర్వేకు వెళ్ళాడు. ఆనందంగా బోధించడమెలా అనే శిక్షణకు వెళ్ళి వారాలకు వారాలు కూర్చున్నాడు. తరగతికి వచ్చిన రోజులు తక్కువ. ఆఫ్రికా దాకా వెళ్ళి గొంతు చించుకుని చెప్పినవాడికి, ఊళ్ళో కాలువ దాటి తరగతికి రావడం కుదరలేదు. 

"భిన్నాలు," అన్నాడు నేలచూపులు చూస్తూ.

చిర్వా నవ్వలేదు. మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. "నేనూ ఒకప్పుడు లెక్కల మాస్టర్నే," అని సుద్దముక్క అందుకున్నాడు. "మీరు తెలుగులో చెప్పండి, నేను బోర్డు మీద రాస్తాను. ముందా తలుపు వెయ్యండి."

ఇద్దరూ మొదలుపెట్టారు. ఒకరి మాట ఒకరికి సగం సగం అర్థమవుతూ, ఒకరి చేతిలో సుద్ద ఒకరు లాక్కుంటూ చెప్పారు. పిల్లలు మొదట బిత్తరపోయి చూశారు, తర్వాత ముందుకు జరిగి కూర్చున్నారు. మూడో లెక్క సగంలో ఉండగా వరండాలో అబ్షాలోము గారి చెప్పుల చప్పుడు వినిపించింది. మాస్టార్లిద్దరూ సుద్దతో అలాగే నిలబడిపోయారు.

పిల్లలకు ఎవరూ ఏమీ చెప్పలేదు. తరగతంతా ఒక్కసారిగా లేచి నిలబడి "ఏ, బీ, సీ, డీ" అని రాగం ఎత్తుకుంది. ఆ రాగం మధ్యలో, కిటికీ పక్కనున్న పిల్ల ఒకతి, చాలా బాధపడుతున్నట్టు ముఖం పెట్టి, జీ దగ్గర తడబడింది.